ఐసు గోడ వెనకాల గది

(అనంతపురంలో ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ఐసు ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసిన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. అక్కడక్కడా తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. నాయనా, ఆ ఫ్యాను ఆపొద్దు, ఇటే తిరగనీ. ఐసు మీదికి గాలి కొట్టాలి, దాంతో మనకు పని ఉంది.

ఇక్కడ బల్ల మీద రెండు పళ్లేలు పెట్టినాను చూడండి. రెండింటిలోనూ ఐసే. ఒకే దిమ్మను కోయించి తెచ్చిన ముక్కలు, ఒక్కొక్కటి పన్నెండు కేజీల దాకా ఉంటుంది. ఒకదాన్ని ఊరికే అట్లే పెట్టినాను. రెండోదాన్ని చుట్టూ రంపపు పొట్టు దట్టించి గోనెపట్టతో చుట్టి పెట్టినాను. ముందు వరసలో ఉన్న పిల్లలూ, మీరు వీటిని గమనిస్తా ఉండండి. నా మాటలు అయిపోయినాక ఏ పళ్లెంలో ఎన్ని నీళ్లున్నాయో మీరే కొలిచి చెప్పాల.

ఈ మాటలకు కారణం మా వీధిలో ఒక పిల్లోడు. ఫోన్లో లడాఖ్ అమ్మాయిలు ఐసు మీద హాకీ ఆడే వీడియో చూసి పరిగెత్తుకుంటా వచ్చి అడిగినాడు, తాతా, నువ్వు ఐసు ఫ్యాక్టరీలో చేసినావు కదా, మన అనంతపురంలో ఇట్లా ఐసు మీద ఆడే చోటు కట్టడానికి అవుతుందా అని. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండ కాసే ఊళ్లో అడిగే ప్రశ్నా అది అనుకోవచ్చు ఎవరైనా. నేను అట్లా అనుకోలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నా చేతుల్లో ముప్పై ఏళ్లుగా ఉంది, ఎవరూ అడగలేదు అంతే.

ముందు ఆట గురించి రెండు మాటలు. మనకు తెలిసిన హాకీలో బంతి ఉంటుంది, ఇందులో పక్ ఉంటుంది. గట్టి రబ్బరు బిళ్ల. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఆటకు ముందు దాన్ని కూడా గడ్డకట్టిస్తారు, లేకపోతే ఎగిరెగిరి పడుతుంది. ఒక్కో జట్టుకు గోల్ కీపర్‌తో కలిపి ఆరుమంది ఐసు మీద ఉంటారు. ఇంక ఆట సంగతి కోచ్ సార్లు నాకంటే బాగా చెప్తారు. నేను చెప్పేది ఆ ఐసు సంగతి, ఆ పైకప్పు సంగతి.

కప్పు కింద, నాలుగు గోడల మధ్య, ఒక పద్ధతిగా ఐస్ హాకీ మొదటిసారి ఆడింది కెనడాలోని మాంట్రియల్‌లో. విక్టోరియా స్కేటింగ్ రింక్ అని 1862లో కట్టిన పెద్ద హాలు. రింకు అంటే ఐసు పరిచిన ఆట నేల. 1875 మార్చి 3న జేమ్స్ క్రైటన్ అనే ఆయన జట్టుకు తొమ్మిదిమంది చొప్పున రెండు జట్లు తయారు చేసి ఆడించినాడు. అప్పటికి రబ్బరు పక్ లేదు. బంతితో ఆడితే చూసేవాళ్ల మీదికి ఎగురుతుందని గుండ్రటి చెక్కబిళ్ల వాడినారు. క్రైటన్ జట్టు 2-1తో గెలిచింది. ఆట చివర పెద్ద గొడవ కూడా అయింది, అదే ఐసు మీద స్కేటింగ్ చేసుకోవడానికి వచ్చినవాళ్లతో. బెంచీలు విరిగినాయి, ఆడవాళ్లు భయపడి బయటికి పోయినారు. ఆ హాలులో ఐసు కొలత 204 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. ఇప్పుడు ఉత్తర అమెరికాలో పెద్ద లీగు ఆడే రింకు 200 అడుగులు, 85 అడుగులు. చూశారా? నూట అరవై ఏళ్ల కిందట ఎవరో హాలు కట్టుకున్న కొలతే దాదాపు అట్లే నిలిచిపోయింది.

ఇప్పుడు నేనొకటి అడుగుతా. ఆ విక్టోరియా హాలులో ఐసు ఎట్లా వచ్చింది? మిషన్ ఉందా? లేదు. కంప్రెసరు ఉందా? లేదు. చలికాలంలో నీళ్లు పోస్తే గడ్డకట్టింది. అంతే. కప్పు ఉన్నది మంచు పడకుండా, గాలి కొట్టకుండా. ఎండాకాలం వస్తే ఐసు పోయింది, హాలులో పూల ప్రదర్శనలో కచేరీలో పెట్టుకున్నారు. అంటే ఇండోర్ హాలు వచ్చింది గానీ చలి మాత్రం బయటిదే. ఇది గుర్తు పెట్టుకోండి. కప్పు వేరు, చలి వేరు.

మరి చలి లేని ఊర్లవాళ్లు ఏం చేసినారు? మన మద్రాసు సంగతే చెప్తా. మీలో చాలామంది మెరీనా బీచికి పోయుంటారు. అక్కడ ట్రిప్లికేన్ దగ్గర గుండ్రంగా ఒక బిల్డింగు ఉంటుంది, ఇప్పుడు వివేకానంద హౌస్ అంటారు. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ ఐస్ హౌస్ అనే పిలుస్తారు, బస్సు స్టాపు పేరు కూడా అదే. ఎందుకు? ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి 1842లో దాన్ని కట్టించినాడు. అమెరికాలో చెరువులు గడ్డకడితే రంపాలతో కోసి, దిమ్మలు చేసి, ఓడల్లో నింపి ఇక్కడికి పంపేవాడు! మొదటి ఓడ 1833లో కలకత్తాకు వచ్చింది. 180 టన్నులు బయల్దేరితే నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా వంద టన్నుల దాకా మిగిలింది. నాలుగు నెలలు, సముద్రం మీద, భూమధ్యరేఖ దాటుకుంటా. ఎట్లా మిగిలింది? ఇదిగో, ఈ పళ్లెంలో ఉన్నదానితోనే. రంపపు పొట్టు. మా ఫ్యాక్టరీలో పొట్టు బస్తాలు చూసి ఇదేంటన్నా చెత్త అనేవాళ్లు కొత్తగా వచ్చిన హమాలీలు. చెత్త కాదయ్యా, అది ఐసుకు దుప్పటి. దుప్పటి మనల్ని వెచ్చగా పెడుతుంది, ఐసును చల్లగా పెడుతుంది. పని ఒకటే, వేడిని అటూ ఇటూ పోనీయకపోవడం.

సరే, మిషన్‌తో ఐసు రింకు ఎప్పుడొచ్చింది? 1876లో, లండన్‌లో. చేసినాయన పేరు జాన్ గామ్జీ, పశువుల డాక్టరు. పశువుల డాక్టరుకు ఐసుతో ఏం పని? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి మాంసం చెడిపోకుండా ఇంగ్లాండుకు ఎట్లా తేవాలని ఆలోచిస్తా ఆలోచిస్తా ఈ దారి పట్టినాడు. కింద కాంక్రీటు, దాని మీద మట్టి, ఆవు వెంట్రుకలు, చెక్క పలకలు పొరలు పొరలుగా వేసి, పైన రాగి గొట్టాలు పరిచి, ఆ గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రవం తిప్పినాడు. పైన నీళ్లు పోస్తే గడ్డకట్టినాయి. మొదటిది 24 అడుగుల చదరం మాత్రమే, మన ఇంటి మిద్దె అంత. కానీ ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఏ రింకు తవ్వి చూసినా లోపల ఉండేది ఇదే. మట్టి, దుప్పటి, గొట్టాలు, నీళ్లు. ఆవు వెంట్రుకల బదులు థర్మోకోల్ లాంటి షీట్లు వచ్చినాయి, రాగి బదులు ఇనుమో ప్లాస్టిక్కో వచ్చింది.

గడ్డకట్టని చల్లటి ద్రవం అన్నాను కదా. అది మనకు తెలియందా? కుల్ఫీ బండి చూడండి. కుండలో ఐసు ముక్కల మీద రాళ్లుప్పు ఎందుకు చల్లుతారు? ఉప్పు పడితే ఆ నీళ్లు సున్నా డిగ్రీల కంటే కిందికి పోతాయి, అయినా గడ్డకట్టవు. ఆ చలికి డబ్బాలో పాలు గడ్డకడతాయి. మా ఐసు ఫ్యాక్టరీలోనూ అంతే. పెద్ద తొట్టి, దాంట్లో ఉప్పునీళ్లు, ఉప్పునీళ్లలో రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. అమోనియా అనే గ్యాసు ఉప్పునీళ్లను చల్లబరుస్తుంది, ఉప్పునీళ్లు డబ్బాలను చల్లబరుస్తాయి. ఒక రాత్రీ పగలూ గడిస్తే దిమ్మ తయారు. హాకీ రింకులో డబ్బాలు లేవు, అంతే తేడా. ఉప్పునీళ్లు గొట్టాల్లో తిరుగుతాయి, డబ్బా బదులు నేల ఉంది. మా ఫ్యాక్టరీ తొట్టిని పలచగా సాగదీసి నేల మీద పరిచినట్టు అనుకోండి.

ఎంత పలచగా? ఐసు మందం మూడు సెంటీమీటర్లు, అంతే. ఇంతే! అంతర్జాతీయ కొలత రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అనుకుందాం. లెక్క వేయండి. దాదాపు 50 వేల లీటర్ల నీళ్లు. మన ఊర్లో ఎండాకాలం తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి మనది కాబట్టి ఈ లెక్క చెప్పక తప్పదు. అయితే ఒకసారి పోసి గడ్డకట్టిస్తే రోజూ అన్ని నీళ్లు పోయాల్సిన పని లేదు, పైపైన కొంచెం గీకి కొంచెం పోస్తారు. మొత్తం ఒకేసారి కుమ్మరించరు కూడా. పలచగా స్ప్రే చేస్తారు, అది గట్టిపడినాక ఇంకో పొర. మధ్యలో తెల్లరంగు వేస్తారు, లేకపోతే కింద కాంక్రీటు రంగు కనపడుతుంది. తర్వాత గీతలు గీస్తారు, వాటి మీద మళ్లీ పొరలు. అంటే మీరు చూసే ఎర్ర గీత, నీలం గీత ఐసు లోపల ఉంటాయి, పైన కాదు.

ఇంకొకటి వింటే ఆశ్చర్యపోతారు. ఆ ఐసు నేల కింద హీటింగు పెడతారు! ఎందుకంటే ఏళ్ల తరబడి చలి కిందికి దిగితే భూమిలో తడి గడ్డకట్టి ఉబ్బి నేలను పైకి లేపుతుంది, కాంక్రీటు పగులుతుంది. అందుకని దుప్పటి కింద కొంచెం వెచ్చగా ఉంచుతారు. పైన చలి, కింద వెచ్చదనం, మధ్యలో దుప్పటి.

టన్ను మాట కూడా చెప్పేస్తా, చాలామంది అడుగుతారు. ఒకటిన్నర టన్ను ఏసీ అంటారు, అది బరువు కాదు. ఒక టన్ను ఐసు ఇరవై నాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడి లాగుతుందో అంత వేడిని లాగే శక్తి అని అర్థం. అమెరికా టన్ను లెండి, 907 కేజీలు. మీ ఇంట్లో ఏసీకి కొలత పెట్టింది మా ఐసు దిమ్మలే.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన కథ. కాలిఫోర్నియాలో పారమౌంట్ అని ఊరు. వేడి ఊరు, కెనడా కాదు. అక్కడ ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన, వాళ్ల తమ్ముడు కలిసి ఐసు దిమ్మల ఫ్యాక్టరీ నడిపేవాళ్లు. రైళ్లలో కూరగాయలు పోయేటప్పుడు చెడిపోకుండా ఐసు సరఫరా. తర్వాత ఫ్రిజ్‌లు వచ్చినాయి, దిమ్మలు కొనేవాళ్లు తగ్గినారు. ఇది ఎక్కడో విన్నట్టుందా? మనకూ అంతే కదా. నేను పనికి చేరినప్పుడు నన్నారి బండ్లవాళ్లు, సోడా బండ్లవాళ్లు, చేపలవాళ్లు తెల్లారకముందే లైను కట్టేవాళ్లు, పెళ్లిళ్ల సీజనులో మాకు తిండికి తీరిక ఉండేది కాదు. తర్వాత తర్వాత ఒక్కొక్క ఫ్యాక్టరీ మూతపడింది. మేము మూసేసుకున్నాం. వాళ్లు ఏం చేసినారు? చలి చేయడం మాకు తెలుసు కదా, దాంతో ఇంకేం చేయొచ్చు అని ఆలోచించి 1940లో ఐసు రింకు కట్టినారు. మొదట కప్పు లేకుండా కట్టినారు, ఎండకూ పొడిగాలికీ ఐసు నిలవలేదు, కొన్ని నెలలకే కప్పు వేసినారు. గొట్టాల వల్ల ఐసు అలలు అలలుగా వస్తా ఉంటే, గొట్టాల బదులు చదునైన తొట్లు పెట్టి సరిచేసినాడు. దానికి పేటెంటు కూడా వచ్చింది. ఐసు పైభాగం గీకి, ఊడ్చి, కడిగి, మళ్లీ నీళ్లు పోయడానికి ముగ్గురు నలుగురు మనుషులకు గంటకు పైన పట్టేది. ఆ బాధ పడలేక బండి తయారు చేయడం మొదలుపెట్టినాడు. పాడైనవి, పనికిరానివి ఎన్నో. 1949కి పనిచేసే బండి వచ్చింది. ఈ రోజు ప్రపంచమంతా ఆ బండిని జాంబోనీ అనే పిలుస్తారు. ఆట మధ్యలో విరామంలో తిరుగుతుంది చూడండి, అదే. అది పోసేది వేడినీళ్లు. చన్నీళ్లు కాదు. వేడినీళ్లు పైపొరను కొంచెం కరిగించి స్కేట్ల గాట్లలోకి దిగి దాంట్లో కలిసి గడ్డకడతాయి, గాలి బుడగలు తక్కువ, ఐసు గట్టిగా ఉంటుంది. మా ఫ్యాక్టరీలో కూడా డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టేటప్పుడు సన్నగొట్టంతో గాలి ఊది కదిలించేవాళ్లం. కదిలించిన దిమ్మ అద్దంలా ఉంటుంది, కదిలించకపోతే మధ్యలో తెల్లగా పొగ కమ్మినట్టుంటుంది.

ఇంక గోడ వెనకాల గది సంగతి. దాని కోసమే అసలు వచ్చినాను. చూసేవాళ్లకు ఐసు కనపడుతుంది, ఆటగాళ్లు కనపడతారు, లైట్లు కనపడతాయి. గోడ వెనకాల ఒక గది ఉంటుంది. కంప్రెసర్లు, అమోనియా. ఆ గదిలో మనిషి లేకపోతే, ఉన్నా ఆయన మాట వినేవాళ్లు లేకపోతే ఏమవుతుంది? కెనడాలో ఫెర్నీ అనే చిన్న ఊరు. 2017 అక్టోబరు 17న అక్కడి రింకులో అమోనియా లీకై ముగ్గురు మనుషులు చనిపోయినారు. ఉప్పునీళ్లను చల్లబరిచే చిల్లర్‌లో ఒక గొట్టానికి చిన్న చిల్లు. పాతబడిపోయిన యంత్రం, లీకు ఉందని తెలిసి కూడా మళ్లీ నడిపినారు. చిన్న చిల్లు అండీ.

నాకు తెలుసు ఆ వాసన. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో, పేరు వద్దు, ఒక రాత్రి రెండు గంటలకు కంప్రెసరు గ్లాండు దగ్గర, అంటే ఇరుసు చుట్టూ గ్యాసు కారకుండా బిగించే చోట, లీకైంది. ముందు కళ్లు మండినాయి, తర్వాత గొంతు పట్టేసింది, ఊపిరి లోపలికి పోదు. తువ్వాలు నీళ్లలో ముంచి మొహానికి కట్టుకుని, నాతో ఉన్న పిల్లోణ్ని నీళ్లు కొడుతూనే ఉండరా అని చెప్పి వాల్వు దగ్గరికి పాక్కుంటా పోయినాను. అమోనియా నీళ్లలో కలిసిపోతుంది, అందుకే నీళ్లు. వాల్వు చక్రం తిరగలేదు, తుప్పు పట్టింది. గ్రీజు పెట్టమని అంతకు ముందే మూడుసార్లు చెప్పినాను. రెండు చేతులతో, కాలు గోడకు తన్ని తిప్పితే కదిలింది. ఆ పిల్లోడు ఇప్పుడు బెంగళూరులో ఏసీ పని చేసుకుంటా ఉన్నాడు, బాగున్నాడు. అందుకే చెప్తున్నా, గ్రీజు డబ్బా ఖరీదు ఎంత?

ఇప్పుడు మన దేశం. సిమ్లాలో 1920 నుంచి రింకు ఉంది, అది ఆకాశం కింద, రాత్రి చలికి గడ్డకట్టేది. లడాఖ్‌లో చెరువులే రింకులు, చలికాలంలో రెండు నెలల ఆట. కప్పు కింద, అంతర్జాతీయ కొలతలతో, మిషన్‌తో కట్టింది డెహ్రాడూన్‌లో. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగినప్పుడు మహారాణా ప్రతాప్ స్పోర్ట్స్ కాలేజీ ఆవరణలో కట్టినారు. మంచు కొండల ఆటలు ఔలీలో, ఐసు ఆటలు ఈ హాలులో. గొప్పగా జరిగినాయి. తర్వాత? తర్వాత ఏళ్ల తరబడి మూసే ఉంది. నడిపే ఖర్చు, కరెంటు బిల్లు, యంత్రాల మరమ్మతు. కప్పు అట్లే ఉంది, గోడలు అట్లే ఉన్నాయి, గొట్టాలు నేలలో అట్లే ఉన్నాయి. చలి లేదు. పదేళ్లకు పైగా! ఒక పిల్ల పదేళ్లప్పుడు స్కేటింగ్ మొదలుపెట్టి ఉంటే ఆ అమ్మాయి ఆట వయసంతా ఆ తాళం వెనకాలే పోయింది కదా. నాకు కోపం రాదా? వస్తుంది. చివరికి 2025లో బాగుచేసి హిమాద్రి అని పేరు పెట్టి తెరిచినారు. ఆగస్టులో అక్కడే ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ పోటీలు జరిగినాయి. చాలా సంతోషం. ఇంక ఆ కంప్రెసర్లు ఆగకూడదని నా కోరిక.

ఈ మధ్యకాలంలో మన దేశ ఐస్ హాకీ జట్టు అమ్మాయిలు ఏం చేసినారు? ఎక్కువమంది లడాఖ్, స్పితి నుంచి వచ్చినవాళ్లు. 2016లో మొదటి పోటీకి తైవాన్‌లోని తైపే పోవడానికి జనం దగ్గర చందాలు పోగేసుకున్నారు. ఏడాది పొడుగునా ఐసు దొరక్క కిర్గిజిస్తాన్ పోయి ప్రాక్టీసు చేసినారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి మొదటి గెలుపు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్‌లో కాంస్యం. గమనించండి, బ్యాంకాక్, అల్ ఐన్. ఒకటి ఉక్కపోత ఊరు, ఒకటి ఎడారి ఊరు. వాళ్ల దగ్గర రింకులు నడుస్తా ఉన్నాయి. మన పిల్లలు చలి కొండల నుంచి వేడి ఊళ్లకు పోయి ఐసు మీద ఆడి వచ్చినారు.

కాబట్టి ఆ పిల్లోడి ప్రశ్నకు జవాబు. అవుతుంది నాయనా. వేడి అడ్డం కాదు. ఇంకా చెప్తే మనది పొడి గాలి, విశాఖపట్నం, నెల్లూరు లాంటి చోట్ల కంటే మనకు ఒక సులువు ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే ఐసు మీద పొగమంచు కమ్ముతుంది, పైకప్పు నుంచి చుక్కలు పడి ఐసు మీద గడ్డలు కడతాయి, ఆ తేమ తీయడానికే పెద్ద మిషన్లు పెట్టాలి. మనకు వానాకాలం తప్పితే ఆ బాధ తక్కువ. ఎండ ఉంది, సోలార్ ఉంది, మన జిల్లాలో ఎన్ని సోలార్ పలకలు పరిచినారో దారి పొడుగునా కనపడుతూనే ఉంది. ఆట మీద ప్రేమ లేదా? ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువాళ్ల స్పోర్ట్స్ విలేజ్ చూడండి, పల్లె పిల్లలు హాకీ ఆడతా ఉన్నారు, 2010లో అక్కడ టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు తెరిచినారు, 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగినాయి. అనంతపురంలో టెన్నిస్ ఏంటి అని ఎవరూ అనలేదా మొదట్లో?

కానీ కట్టమని అడిగే ముందు నేను ఒకటే అడుగుతా. కట్టినాక ఐదో ఏడు కరెంటు బిల్లు ఎవరు కడతారో కాగితం మీద రాయండి. గోడ వెనకాల గదిలో రాత్రి డ్యూటీ ఎవరిదో రాయండి. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ చదివే పిల్లలున్నారు మన దగ్గర, వాళ్లకు అమోనియా పని నేర్పించండి. నేను నేర్పిస్తా, డబ్బులేమీ వద్దు. అప్పటిదాకా పిల్లలు చక్రాల స్కేట్ల మీద సిమెంటు నేలపై ఆడుకోనీ. కాళ్లకు బ్యాలెన్సు అక్కడే వస్తుంది. చక్రాల మీద మొదలుపెట్టి ఐసు మీదికి పోయినవాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు.

టైమెంత అయింది? గంట దాటింది. పిల్లలూ, రండి పైకి. మెల్లగా, నేల తడిగా ఉంది. ముందు ఈ ఊరికే పెట్టిన పళ్లెం వంచు. లీటరు సీసాలో పోయి. ఒకటి... రెండు... మూడు. ఇంకా కొంచెం ఉంది, మూడున్నర అనుకో. దిమ్మ మూలలన్నీ గుండ్రంగా అయిపోయినాయి చూడండి. ఇప్పుడు ఆ గోనెపట్ట విప్పు. పొట్టు చేత్తో తొయ్యి, అక్కడక్కడ తడి ఉంది అంతే. పళ్లెంలో నీళ్లు? గ్లాసు. ఒక్క గ్లాసు. ఆ మూల పట్టుకుని చూడు తల్లీ, ఎట్లా కోసినారో అట్లే వాడిగా ఉంది కదా.